మనవాళ్లు ఎక్కువైతే ఇంటి ధర పడిపోతుందా? ఫోర్‌సైత్ కౌంటీలో ఇళ్లకి విలువ కట్టే మనిషిగా నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అట్లాంటాకి ఉత్తరాన, సౌత్ ఫోర్‌సైత్‌లో 2013లో ఇల్లు కొన్నారు. అప్పుడు మీ వీధిలో ఇండియన్ ఇళ్లు నాలుగంటే నాలుగు. ఇప్పుడు ముప్పై ఇళ్లలో ఇరవై దాకా మనవే, అందులోనూ తెలుగువాళ్లే ఎక్కువ. ఈ మే నెలలో ఇంకో తెల్లవాళ్ల కుటుంబం అమ్ముకుని వెళ్లిపోయింది. "ఏరియా మారిపోయింది, ధర పడిపోకముందే అమ్మేసి ఇంకా పైకి, తెల్లవాళ్లు ఎక్కువున్న చోటికి వెళ్లడం మంచిదా?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేసి, ఎందుకో తర్వాత చెప్తాను. ఈ కారణంతో మాత్రం అమ్మకండి. ఉద్యోగం మారింది, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయారు, మోకాళ్లు నొప్పి పుట్టి మెట్లు ఎక్కలేకపోతున్నారు అంటే అది వేరే సంగతి. వీధిలో ఎవరి రంగేమిటో లెక్కపెట్టుకుని అమ్మితే మాత్రం చేతిలో డబ్బు చేతులారా పారేసుకోవడమే. పైగా ఆ లెక్క ఈ కౌంటీలో ఇంతకుముందు ఎవరు ఎవరి మీద వేశారో తెలిస్తే ఆ మాట మన నోటికి రాదు.

నేను ఇళ్ల అప్రైజర్ని. బ్యాంకు లోన్ ఇచ్చే ముందు ఇంటికి వెళ్లి, కొలిచి, చుట్టుపక్కల అమ్ముడుపోయిన ఇళ్లతో పోల్చి విలువ రాసిచ్చే పని. 2005 నుంచి ఫోర్‌సైత్, నార్త్ ఫుల్టన్, గ్విన్నెట్ అంతా తిరుగుతున్నాను. మేం ఇన్నేళ్లుగా నింపుతూ వచ్చిన ఫారం 1004 అని ఒకటుంది. దాని మొదటి పేజీలో చుట్టుపక్కల ప్రాంతం గురించి రాసే భాగం మొదట్లోనే ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది: జాతి గానీ, ఆ ప్రాంతంలో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉన్నారన్నది గానీ విలువ కట్టడంలో లెక్కలోకి రావు అని. రోజూ ఆ వాక్యం కిందే నేను సంఖ్యలు నింపుతాను. ఒక ఫారంలో "ఇది చూడకూడదు" అని అచ్చేసి మరీ చెప్పాల్సి వచ్చిందంటే ఒకప్పుడు అందరూ అదే చూశారని అర్థం. నిజంగానే చూశారు. 1930లలో గృహరుణాలకి హామీ ఇచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ తన మాన్యువల్‌లోనే, వేరే జాతివాళ్లు వచ్చి చేరే చోట రిస్కు ఎక్కువ అని రాసింది. అలా రాకుండా దస్తావేజుల్లోనే షరతులు పెట్టుకొమ్మని సలహా కూడా ఇచ్చింది. అంటే మీరు అడిగిన ప్రశ్న కొత్తది కాదు, ఒకప్పుడు ప్రభుత్వమే దాన్ని రూలుగా పెట్టింది. 1968లో ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ వచ్చాక అది చట్టవిరుద్ధం అయింది.

ఇక మన కౌంటీ సంగతి. ఇక్కడికి కొత్తగా వచ్చే మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు, నాకూ వచ్చిన చాలా ఏళ్లదాకా తెలియదు. 1910 జనాభా లెక్కల్లో ఫోర్‌సైత్‌లో సుమారు 1,100 మంది నల్లజాతివాళ్లు ఉన్నారు. సొంత పొలాలున్న రైతులు, కౌలుదార్లు, సొంత చర్చిలు. 1912 సెప్టెంబరులో ఒక తెల్లమ్మాయి మీద జరిగిన దాడి కేసులో పట్టుబడ్డ రాబ్ ఎడ్వర్డ్స్ అనే అతన్ని గుంపు జైల్లోంచి లాక్కొచ్చి కమ్మింగ్ ఊరి నడిబొడ్డున చంపి వేలాడదీసింది. అక్టోబరులో ఇద్దరు టీనేజీ కుర్రాళ్లకి విచారణ పేరు చేసి ఉరి వేశారు. ఆ తర్వాత రాత్రిపూట గుర్రాల మీద తిరిగే గుంపులు ఇళ్లు తగలబెట్టి, కాల్పులు జరిపి, కొద్ది వారాల్లో దాదాపు నల్లజాతి జనం మొత్తాన్ని కౌంటీ దాటించేశాయి. కొందరు పొలాలు వచ్చిన కాడికి అమ్ముకున్నారు, కొందరు అదీ లేకుండా వదిలేసి పోయారు. ఆ తర్వాత డెబ్బై ఐదేళ్లపాటు ఈ కౌంటీ తెల్లవాళ్లది మాత్రమే. 1987 జనవరి 17న అట్లాంటా నుంచి హోసియా విలియమ్స్ నాయకత్వంలో ఒక చిన్న గుంపు ఇక్కడ శాంతియాత్ర చేయబోతే రాళ్లు, సీసాలు విసిరారు. వారం తిరక్కుండా 24వ తేదీన దాదాపు 20 వేల మంది వచ్చారు, వాళ్లకి రక్షణగా నేషనల్ గార్డ్ దిగింది. అప్పట్లో కొత్తగా పేరు తెచ్చుకుంటున్న ఓప్రా విన్‌ఫ్రీ ఫిబ్రవరిలో ఇక్కడికొచ్చి షో చేసింది.

1987 అంటే ఎప్పుడో కాదు. మనలో చాలామంది అప్పటికి స్కూల్లో ఉన్నాం.

నాకు ఈ కథ మొదట చెప్పింది ఒక ముసలాయన. 2007లో అనుకుంటాను, ఆయన మిగిలిన ఎనిమిది ఎకరాలకి విలువ కట్టడానికి వెళ్లాను. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా కోళ్ల ఫారాలే, ఆయనవీ రెండు పొడుగాటి షెడ్లు, రేకులు తుప్పుపట్టి వంగిపోయి ఉన్నాయి. కొలతలయ్యాక కంచె దగ్గర నిలబెట్టి, చేత్తో ఓ వారగా చూపించి, ఆ చెట్ల వెనకాల ఒక పొగగొట్టం రాళ్లున్నాయి, అక్కడ మా తాతల కాలంలో ఒక నల్లజాతి కుటుంబం ఉండేది, వాళ్లు వెళ్లిపోయాక ఆ పొలం మా పొలంలో కలిసింది అన్నాడు. "కలిసింది" అన్నాడు, "కొన్నాం" అనలేదు. నేను ఏమీ అనలేకపోయాను. ఆ ఎనిమిది ఎకరాల్లో ఇప్పుడు ఇరవైకి పైగా ఇళ్లున్నాయి, వాటిలో కనీసం సగం గుమ్మాలకి మామిడాకుల తోరణాలు. మామిడాకులు ప్లాస్టిక్‌వే అనుకోండి, ఇక్కడ అవే దొరుకుతాయి.

ఇప్పుడు లెక్కలు. కౌంటీ జనాభా 1980లో 28 వేలు. 1990లో 44 వేలు. 2000లో 98 వేలు, 2010లో లక్షా 75 వేలు, 2020లో 2 లక్షల 51 వేలు. జార్జియా 400 హైవే, ఆల్ఫరెట్టా చుట్టూ వెలిసిన ఐటీ ఆఫీసులు, మంచి స్కూళ్లు, లేక్ లేనియర్, ఇవన్నీ కలిసి కోళ్ల ఫారాల్ని సబ్‌డివిజన్లు, అంటే ఇళ్ల కాలనీలు, చేసేశాయి. 2000లో ఆసియావాళ్లు ఒక్క శాతం కూడా లేరు, 2010కి 6 శాతం, 2020కి 18 శాతం. అందులో పెద్దవాటా ఇండియన్లే. తెల్లవాళ్ల వాటా 2010లో 80 శాతం ఉండేది, 2020కి 63కి తగ్గింది.

ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. వాటా తగ్గిందంటే మనుషులు వెళ్లిపోయారనుకుంటారు. 2010లో కౌంటీలో తెల్లవాళ్లు సుమారు లక్షా 41 వేలు, 2020లో సుమారు లక్షా 59 వేలు. అంటే పదేళ్లలో 18 వేల మంది పెరిగారు. వాళ్లు పెరిగారు, మనం ఇంకా వేగంగా పెరిగాం, అంతే. మీ వీధిలో మాత్రం నిజంగా తగ్గారు, మా వీధిలోనూ తగ్గారు. దక్షిణం కొసన, లాంబర్ట్, సౌత్ ఫోర్‌సైత్, డెన్మార్క్ హైస్కూళ్ల జోన్లలో ఆ మార్పు కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కౌంటీ మొత్తాన్ని మీ వీధి కిటికీలోంచి చూడకండి.

మరి మీ వీధిలోంచి వెళ్లేవాళ్లు ఎందుకు వెళ్తున్నారు? అమ్మకం అప్రైజల్‌కి వెళ్లినప్పుడు మనుషులు మాట్లాడతారు, అడగకపోయినా చెప్తారు. నేను విన్నంతలో ఎక్కువమంది వయసు వల్ల వెళ్తున్నారు. 2000 ప్రాంతంలో నలభై ఏళ్ల వయసులో అయిదు బెడ్‌రూముల ఇల్లు కొన్నవాళ్లకి ఇప్పుడు అరవై దాటింది. పిల్లలు ఇంట్లో లేరు, మాస్టర్ బెడ్‌రూమ్ పైన ఉంది, గడ్డి కోయడానికి ఓపిక లేదు. వాళ్లు ఒక అంతస్తు ఇళ్లున్న కమ్యూనిటీకి, చాలాసార్లు ఇదే కౌంటీలో పైభాగానికి వెళ్తారు. 65 దాటినవాళ్లకి ఇక్కడ సొంతింటి మీద స్కూల్ ట్యాక్స్ మినహాయింపు ఉంది కాబట్టి కౌంటీ దాటరు. ఆ ఇల్లు కొనగలిగేది ఎవరు? ఇద్దరు ఉద్యోగాలు చేస్తూ, అయిదు బెడ్‌రూములూ నిజంగా కావలసినవాళ్లు. ఆర్నెల్లు అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, మిగతా ఆర్నెల్లు అత్తమామలు, బేస్‌మెంట్‌లో ఒక గది, కింద ఒక ఫుల్ బాత్‌రూమ్. సహజంగానే అది మనవాళ్ల చేతికి వస్తోంది.

అలాగని రెండో కారణం లేదని నేను అనను, ఉంది. ఆర్థికవేత్త లియా బూస్టన్, మరో ఇద్దరు కలిసి కాలిఫోర్నియా స్కూళ్ల లెక్కలు పరిశీలించారు. బాగా డబ్బున్న శివారు స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఆసియా పిల్లలు చేరేకొద్దీ తెల్ల పిల్లలు తగ్గుతున్నారని, ఇళ్ల ధరలో జాతి ద్వేషమో మాత్రమే దానికి పూర్తి కారణం కాదని, చదువులో పోటీ భయం కూడా ఉండొచ్చని రాశారు. ఇక్కడ కూడా నేను వింటాను. ఒకావిడ వంటింట్లో నిలబడి, మా అబ్బాయి ఫుట్‌బాల్ ఆడతాడు, బీ గ్రేడ్లు వస్తాయి, వాడికి ఇక్కడ తను తెలివితక్కువవాడినని అనిపిస్తోంది, అందుకే వెళ్తున్నాం అంది. ఆవిడ మనల్ని తిట్టలేదు, కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఏడో తరగతిలో పదో తరగతి లెక్కలు చేయించే టెన్షన్ మన పిల్లలకీ మంచిది కాదని నాకు తెలుసు. మా అమ్మాయిని నేనూ ఆ పరుగులోనే తోశాను.

ఆవిడ ఇల్లు ఎంతకి పోయిందంటారా? అడిగిన ధర కంటే ఎక్కువకి, మొదటి వీకెండ్‌లో. మీరు అడిగిందానికి అసలు జవాబు అదే.

కాలిఫోర్నియాలోని కుపర్టినో సంగతి చూడండి, అది మనకంటే ఇరవై ఏళ్లు ముందు నడిచిన ఊరు. 2000లో ఆసియావాళ్లు 44 శాతం, 2010కి 63 శాతం. తెల్ల కుటుంబాలు స్కూల్ పోటీకి భయపడి వెళ్లిపోతున్నాయని 2005లోనే పేపర్లలో వచ్చింది. ఇవాళ అక్కడ మామూలు ఇల్లు 20 లక్షల డాలర్లు దాటి చాలా కాలమైంది.

ఇక మన దగ్గర ధరలు ఎప్పుడు కుప్పకూలాయో గుర్తు చేస్తాను. 2008 నుంచి 2011 దాకా. సగం కట్టిన సబ్‌డివిజన్లు, రోడ్లూ వీధి దీపాలూ ఉండి ఇళ్లు లేని ప్లాట్లు, గడ్డిలోంచి పొడుచుకొచ్చిన తెల్ల పీవీసీ పైపులు. మేం వాటిని పైపుల తోటలు అనుకునేవాళ్లం. ఒకే వీధిలో ఒకే వారం మూడు ఫోర్‌క్లోజర్లకి, అంటే అప్పు కట్టలేక బ్యాంకు తీసేసుకున్న ఇళ్లకి, విలువ రాశాను. అప్పుడు కౌంటీలో నూటికి ఎనభై మంది తెల్లవాళ్లే. ధర పడిపోవడానికి రంగుతో పనిలేదు, అప్పులతో పని. పైగా ఆ పైపుల తోటల్ని మళ్లీ లేపినవాళ్లలో మనవాళ్లు ముందున్నారు. 2009లో లాంబర్ట్ హైస్కూల్ తెరిచారు, బిల్డర్లు పడిపోయిన ధరకే అమ్మకాలు మొదలుపెట్టారు, డౌన్ పేమెంట్ దాచుకుని ఎదురుచూస్తున్నవాళ్లు వచ్చి కొన్నారు. మీరు 2013లో కొన్నారంటే మీరు కూడా ఆ వరసలోనివాళ్లే.

అయితే జాతి మారితే ధర పడిపోయిన చోట్లు ఎక్కడా లేవా అంటారు. ఉన్నాయి, ఎలా పడ్డాయో కూడా తెలుసు. అట్లాంటాలోనే జరిగింది. నైరుతి వైపు కాస్కేడ్ హైట్స్ అని ఒక ఏరియా, అప్పట్లో పూర్తిగా తెల్లవాళ్లది. 1962లో ఒక నల్లజాతి డాక్టరు అక్కడ ఇల్లు కొనబోతున్నాడని తెలిసి గోల మొదలైంది. డిసెంబరులో నగరం వాళ్లే పేటన్ రోడ్డుకి అడ్డంగా దుంగలు, ఉక్కుతో బ్యారికేడ్ కట్టేశారు. పేపర్లు దాన్ని అట్లాంటా గోడ అన్నాయి. 1963 మార్చిలో కోర్టు అది చెల్లదంది, తీసేశారు. ఆ తర్వాత ఏడాది తిరిగేలోపు తెల్లవాళ్లలో ఎక్కువమంది అమ్ముకుని పోయారు. అలాంటి చోట్ల ఆ రోజుల్లో జరిగే పద్ధతి ఒకటి ఉండేది: బ్రోకర్లు తలుపు తట్టి, "పక్క వీధిలో వాళ్లు దిగారు, వచ్చే నెలకి మీ ఇంటికి ఏమీ రాదు" అని భయపెట్టి తక్కువకి కొని, వేరే ఎక్కడా ఇల్లు దొరకని నల్లజాతి కుటుంబాలకి ఎక్కువకి అమ్మేవాళ్లు. అందరూ ఒకేసారి అమ్మకానికి పెడితే ఏ వస్తువు ధరైనా పడుతుంది, టమాటా కూడా. వచ్చినవాళ్ల వల్ల కాదు, పోయినవాళ్ల భయం వల్ల పడింది. అదే కాస్కేడ్ హైట్స్ తర్వాత డబ్బున్న నల్లజాతి కుటుంబాలకి, నగర నాయకులకి పేరున్న ఏరియా అయింది.

మీ ప్రశ్నలో "పడిపోకముందే అమ్మేసి" అన్న ముక్క ఉంది చూశారా, ఆ బ్రోకరు అప్పుడు తలుపు దగ్గర చెప్పింది ఆ ముక్కే. మీ మీద కోపంతో అనడం లేదు. భయం మనందరికీ ఉంది, జీవితంలో కూడబెట్టిందంతా ఆ ఇంట్లోనే ఉంటే ఉండకుండా ఎలా ఉంటుంది.

రంగు కాకపోతే మరి దేనికి భయపడాలి అని అడిగితే మూడు సంగతులు చెప్తాను.

మొదటిది, వీధి మొత్తం ఒకే రకం ఉద్యోగం మీద బతకడం. మీ వీధిలో ఇరవై ఇళ్లలో ఎన్ని ఇళ్లు ఐటీ మీద, అందులో ఎన్ని హెచ్1బి మీద ఉన్నాయో ఆలోచించండి. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, గ్రీన్ కార్డు లైను ఇండియాలో పుట్టినవాళ్లకి ఎప్పటికి తెగుతుందో తెలియదు, ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి అలాంటిది. 2022 చివర్లో, 2023లో లేఆఫ్‌లు వచ్చినప్పుడు రెండు ఇళ్ల వాళ్లు అప్రైజల్ అయ్యాక నన్ను గుమ్మం దగ్గర ఆపి, "త్వరగా అమ్మాలంటే ఎంతకి పెట్టాలి" అని మెల్లగా అడిగారు, లోపల పిల్లలు వినకుండా. ఇలాంటివి ఒకే వీధిలో నాలుగు ఒకేసారి వస్తే ధరకి దెబ్బే. అది డబ్బు ఒకే మూలనుంచి రావడం వల్ల వచ్చే రిస్కు. బొగ్గు గని ఊళ్లో తెల్లవాళ్లకీ అదే రిస్కు.

రెండోది, కొనేవాళ్ల గుంపుని మనమే కుదించుకోవడం. ఇది నిజంగా మన తప్పు. ఇల్లు ఎమ్‌ఎల్‌ఎస్‌లో, అంటే ఏజెంట్లందరూ చూసే అమ్మకాల జాబితాలో, పెట్టకుండా వాట్సాప్ గ్రూపులో "తూర్పు ముఖం, మనవాళ్ల కమ్యూనిటీ, దేశీ ఫ్యామిలీకే ప్రాధాన్యం" అని పెట్టేవాళ్లని చూస్తున్నాను. ఒకటి, అది చట్టవిరుద్ధం. జాతినో, పుట్టిన దేశాన్నో చూసి ఫలానావాళ్లకే అమ్ముతామని ప్రకటన ఇవ్వకూడదు, వాట్సాప్ అయినా సరే. రెండు, పదిమంది పోటీపడాల్సిన చోట ముగ్గురు మిగులుతారు. ఆ ముగ్గురిలోనూ ఇద్దరు వాస్తు చూస్తారు. మన జోన్లలో తూర్పు, ఉత్తర ముఖం ఇళ్లు ఇట్టే పోతాయి, దక్షిణ ముఖం ఇల్లు మార్కెట్‌లో కూర్చుంటుంది, ఇది నా ఫైళ్లలో ఏళ్ల తరబడి కనిపిస్తున్న సంగతి. ఇంతకుముందు అదే దక్షిణ ముఖం ఇంటికి దిక్కు పట్టించుకోని కొనుగోలుదారు ఎవరో ఒకరు వచ్చేవారు. "అది వాళ్ల వీధి" అన్న పేరు పడ్డాక అలాంటివాళ్లు చూడ్డానికి కూడా రారు. మీది దక్షిణ ముఖం అయితే మీ వీధిలో అన్ని రకాల మనుషులూ ఉండాలని అందరికంటే ఎక్కువ కోరుకోవాల్సింది మీరే. రియల్టర్ని కూడా "మనవాళ్లు ఎంతమంది ఉన్నారు" అని అడగకండి, వాళ్లు జవాబు చెప్పకూడదు, చెప్తే లైసెన్స్‌కి ముప్పు.

మూడోది ఆదాయం. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇది. 2018–22 సెన్సస్ సర్వే లెక్కల్లో కౌంటీలో మధ్యస్థ కుటుంబ ఆదాయం లక్షా 30 వేల డాలర్ల చుట్టూ ఉండేది, జార్జియా మొత్తానికి 71 వేలు. రంగుల్లో ఈ ప్రాంతం తెరుచుకుంది, డబ్బులో మూసుకుపోతోంది. మీ పిల్లలకి చెప్పే టీచరు ఈ జోన్‌లో ఇల్లు కొనలేదు. ఫైరింజన్ నడిపే అతను డాసన్‌విల్ అవతల్నుంచి డ్రైవ్ చేసుకుని వస్తాడు. ఆ కోళ్ల ఫారం పెద్దాయన మనవడు ఏసీలు రిపేర్ చేస్తాడు, తన తాత పొలం ఉన్న చోట అద్దెకి కూడా ఉండలేడు. నల్లజాతివాళ్లు 2020లో కూడా 4 శాతమే. 1912లో తుపాకీతో పెట్టిన కంచె 1987 తర్వాత మెల్లగా తీశారు, కానీ దాని స్థానంలో ధర కంచె పడింది, దాని లోపల ఇప్పుడు మనమున్నాం. ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చే జోనింగ్ హియరింగ్‌లకి నేను పనిమీద వెళ్తుంటాను. టౌన్‌హోమ్‌లు, అంటే గోడలు కలిసి ఉండే వరస ఇళ్లు, కడతామని ఎవరైనా వస్తే మైకు దగ్గర "ట్రాఫిక్, స్కూల్ మీద భారం, ఏరియా స్థాయి పోతుంది" అనేవాళ్లలో సగం మంది యాస గుంటూరుదో, వరంగల్‌దో. ట్రాఫిక్ మాట నిజమే, ఒప్పుకుంటాను. "స్థాయి" అన్న మాట విన్నప్పుడు మాత్రం తల దించుకుంటాను.

ఒక చిన్న సంగతి చెప్పి మీ ఇంటి విషయానికి వస్తాను. 2021లో రీఫైనాన్స్‌లు, అంటే పాత లోన్ తీర్చి తక్కువ వడ్డీకి కొత్తది తీసుకోవడం, జోరుగా ఉన్నప్పుడు ఒక నల్లజాతి దంపతుల ఇంటికి వెళ్లాను, మీ సబ్‌డివిజన్‌కి ఎంతో దూరం లేదు. ఇల్లు అద్దంలా ఉంది. హాల్లోంచి మెట్లెక్కుతుంటే గోడ మీద వరసగా ఎనిమిదో తొమ్మిదో చతురస్రాలు, చుట్టూ రంగు కాస్త వెలిసి, మధ్యలో కొత్తగా. మేకులు అలాగే ఉన్నాయి. ఫొటోలు తీసేశారు. నేను వస్తున్నానని కుటుంబం ఫొటోలన్నీ తీసి ఎక్కడో దాచారు, ఈ ఇల్లు ఎవరిదో కనిపిస్తే విలువ తగ్గించి రాస్తానేమోనని. ఆవిడ నా వెనకే మెట్లెక్కుతోంది, నేను ఆ గోడ చూశానని ఆవిడ చూసింది, ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. కొలతలు తీసుకుని, రాయాల్సిన విలువ రాసి పంపాను. ఆ రాత్రి మా గోడ మీద మా అమ్మానాన్నల పెళ్లి ఫొటో చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఇల్లు అమ్మేటప్పుడు "పూజగది సామాను, దేవుడి పటాలు తీసేయండి, మసాలా వాసన రాకుండా చూసుకోండి" అని మనకీ చెప్తారు. మనం నవ్వుతూ తీసేస్తాం. వాళ్లు నవ్వుతూ తీయలేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఒక రియల్టర్ని గత ఆరు నెలల్లో మీ సబ్‌డివిజన్‌లో, పక్క రెండు సబ్‌డివిజన్లలో అమ్ముడైన ఇళ్ల జాబితా ఇమ్మనండి, ఎంతకి పెట్టారు, ఎంతకి పోయాయి, ఎన్ని రోజులు పట్టింది, ఈ మూడు వరసలు చాలు. అవి ఆరోగ్యంగా ఉంటే నిద్రపోండి. మీ లోన్ 3 శాతం దగ్గర ఉంటే దాన్ని వదులుకుని ఇంకెక్కడో రెట్టింపు వడ్డీకి కొనడం ఎంత దండగో కాగితం మీద ఒకసారి వేసుకోండి, నెలనెలా కట్టేది చూస్తే ఉత్తరానికి వెళ్లే ఆలోచన దానంతటదే పోతుంది. ఆ పైభాగం కూడా పదేళ్లలో ఇలాగే మారుతుంది, ఈస్ట్ ఫోర్‌సైత్ హైస్కూల్ 2021లో తెరిచారు, బిల్డర్లు అటే నడుస్తున్నారు, మన కార్లూ అటే తిరుగుతున్నాయి. అప్పుడు ఇంకెక్కడికి వెళ్తారు?

మీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) మీటింగ్‌కి వెళ్లండి. ఇరవై ఇళ్లు మనవే అయినప్పుడు పూల్‌కి కొత్త పంపు, రోడ్డు వారన చెట్లు, క్లబ్‌హౌస్ కప్పు ఎవరు చూసుకుంటారు? ఇన్నాళ్లూ ఆ పెద్దవాళ్లు చూశారు. వాళ్లు వెళ్లిపోతే బోర్డులో కుర్చీలు ఖాళీ, మనవాళ్లు పోటీ చేయరు, ఏడాదికల్లా మెయింటెనెన్స్ కంపెనీ తను అన్నదే రేటు అంటుంది. పాడైపోయిన పూల్, పగిలిన టెన్నిస్ కోర్టు చూస్తే నేను విలువ తగ్గించి రాస్తాను, అది మాత్రం ఫారంలో లెక్కలోకి వస్తుంది. కుదిరితే ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని కమ్మింగ్ డౌన్‌టౌన్‌కి వెళ్లండి, రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో 2021లో పెట్టిన ఫలకం ఉంది. ఇక్కడి చర్చిల వాళ్లు కొందరు కలిసి 1912లో వెళ్లగొట్టిన కుటుంబాల వారసులకి కాలేజీ స్కాలర్‌షిప్ ఇస్తున్నారు, దానికీ చేయి వేయొచ్చు, మనం ఉన్న నేల అదే కదా.

ఎదురింటి పెద్దావిడ కూడా వెళ్లిపోతుందేమోనని చివర్లో రాశారు. ఎందుకు వెళ్తుందో ఊహించుకోకుండా వెళ్లి అడగండి. మా పక్కింటావిడని నేను రెండేళ్ల కిందట అడిగాను, మన వాళ్ల వల్ల విసిగిపోయి వెళ్తోందనే అనుకున్నాను. ఆవిడ బాధ వేరే: అట్లాంటాలో కాలనీల టెన్నిస్ లీగ్ ఆల్టాలో ఆడే మా సబ్‌డివిజన్ టీమ్‌కి మనుషులు చాలక పేరు తీసేస్తున్నారట, ఇరవై రెండేళ్లుగా ఆడుతోంది, ఆ టీమ్ పోతే ఆవిడకి ఈ వీధిలో పలకరించేవాళ్లు ఉండరు. మనవాళ్లలో బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు బోలెడు, ముగ్గురు ఆడవాళ్లని నేనే బతిమాలి రాకెట్లు ఇప్పించాను. ఆవిడ వాళ్లకి మంగళవారం సాయంత్రాలు సర్వ్ నేర్పుతోంది, అమ్మకం బోర్డు ఇంకా పెట్టలేదు. వచ్చే సీజన్‌కి మాకు ఇంకా ఒక మనిషి తక్కువ.